ఎర్ర సాల్వియా మార్చికే మాడిపోతోంది, తప్పు ఎవరిది?

మిద్దెమీది మందారం
మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. రెండో అంతస్తు పైన మిద్దె తోట. సంక్రాంతికి ముందు ఊరి బయట ఒక నర్సరీలో ఎర్ర సాల్వియా మొక్కలు కొన్నాను. తెచ్చిన రోజు కళ్లు చెదిరే ఎరుపు. "ఏడాది పొడుగునా పూస్తుందమ్మా, నీళ్లు పోస్తే చాలు" అని అమ్మినతను ఒట్టేసినంత పని చేశాడు. ఫిబ్రవరి దాటేసరికి పూలు రాలిపోయి ఎర్రటి కంకులు మాత్రం మిగిలాయి. ఇప్పుడు అవీ గోధుమ రంగుకు తిరిగాయి. ముదురు ఆకుల అంచులు మాడుతున్నాయి, కొత్త చిగురు పసుపుపచ్చగా వస్తోంది. పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తూనే ఉన్నాను. పక్క కుండీల్లో గన్నేరు, కాగితం పూలు, మందారం నిక్షేపంగా ఉన్నాయి. మా వారేమో "ప్లాస్టిక్ పూలు కొనుంటే నీళ్లయినా మిగిలేవి" అంటున్నారు. ఆయనకు జవాబు చెప్పడానికైనా ఈ మొక్క బతకాలి. ఎండ దెబ్బా, తెగులా, లేక ఆ అమ్మిన మనిషి చెప్పిందే అబద్ధమా?

బోరు 1200 అడుగులు
ఫోటో పెట్టండి. మీ వారిది కాదు, మొక్కది.

చిత్తూరు చిన్నక్క
"ఏడాది పొడుగునా పూస్తుంది" అనేది నర్సరీల్లో మొక్కతో పాటు ఉచితంగా ఇచ్చే మాట. నాకు చేమంతి కొన్నప్పుడూ ఇచ్చారు.

నర్సరీ గేటు
అమ్మేవాళ్లను అనడం తేలిక. ఈ మొక్కలు ఎక్కువగా గోదావరి దగ్గరి కడియం నర్సరీల వైపు నుంచి లారీలో దిగుతాయి. అక్కడ నీడ వల కింద, కొబ్బరి పొట్టులో, కొలిచి పోసిన ఎరువు నీళ్లతో పెరిగినవి. మీ మిద్దె మీదికి వచ్చేసరికి ఎర్రమన్ను, పైన ఎండ, కింద కాలే సిమెంటు. ఏ మొక్కయినా బెంబేలు పడుతుంది. ఇంకో మాట, జనం నిండు పూత మీద ఉన్న మొక్కనే ఎంచుకుంటారు. మొగ్గ మీద ఉన్నదాన్ని చూపిస్తే "దీనికి పూలేవీ?" అని పక్కన పెడతారు. నిండుగా పూసిన మొక్క అప్పటికే సగం ఆయుష్షు మా దగ్గరే గడిపేసి ఉంటుంది. కంకిలో కింది మొగ్గలు మాత్రమే విచ్చుకున్న మొక్కను తీసుకోండి, నెల రోజులు ఎక్కువ చూస్తారు.

చిత్తూరు చిన్నక్క
ఈ సంగతి బోర్డు మీద రాసి గేటుకు తగిలించవచ్చు కదా.

నర్సరీ గేటు
తగిలిస్తే మిగిలిన సరుకు మీరు కొంటారా అక్కా?

రిటైర్డ్ లెక్కలు
ముందు మీ దగ్గరున్నది ఏ సాల్వియానో తేల్చుకుందాం. ఈ ప్రజాతిలో వెయ్యికి దగ్గరగా జాతులున్నాయి. తులసి, పుదీనాల కుటుంబమే. కాడ పట్టుకుని చూడండి, నలుపలకలుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి.

నర్సరీలో "ఎర్ర సాల్వియా" అని ఇచ్చేది దాదాపు ఎప్పుడూ స్ప్లెండెన్స్ జాతి. దాని సొంత ఊరు బ్రెజిల్ ఎత్తయిన కొండలు. అక్కడ గాలిలో తేమ ఉంటుంది, వేడి మితంగా ఉంటుంది. మన తిరుమల కొండే సముద్రమట్టానికి సుమారు 850 మీటర్లు. తిరుపతి ఊరు 160 మీటర్ల దగ్గర ఉంది. అంటే ఆ మొక్కకు మన నవంబరు, డిసెంబరు, జనవరి పుట్టింటిలా ఉంటాయి. మార్చి నుంచి మొదలయ్యేది వేరే లోకం. అసలు అడవి మొక్క మనిషి నడుము దాటి పెరుగుతుంది. కుండీల కోసం దాన్ని జానెడు, జానెడున్నర ఎత్తుకు కుదించిన రకాలు తయారు చేశారు. వాటికి వేరు తక్కువ, ఓర్పు ఇంకా తక్కువ.

పూలు రాలినా కంకి ఎర్రగా కనిపించిందన్నారు. అది తెగులు కాదు. ఈ జాతిలో రక్షక పత్రాలు, అంటే పువ్వు మొదట్లో గిన్నెలా ఉండే తొడిమ భాగం కూడా ఎర్రగానే ఉంటాయి. లోపలి గొట్టం పువ్వు రాలిపోయాక కూడా అవి చాలా రోజులు రంగు నిలుపుకుంటాయి. మనం పువ్వు ఉందనే అనుకుంటాం, మొక్క మాత్రం గింజ కట్టే పనిలో పడిపోయి ఉంటుంది. కంకి వడలడం మొదలు కాగానే కింది జత ఆకుల పైన తుంచేస్తే పక్క కొమ్మలు వచ్చి మళ్లీ పూస్తాయి. వదిలేస్తే పూత ఆగిపోతుంది.

ఆకు అంచులు మాడటం మాత్రం ఎండ ఒక్కదాని పని కాదు. నీళ్లు ఎక్కడివి?

మిద్దెమీది మందారం
మాస్టారూ, బోరు నీళ్లే. నీళ్లు వృథా కాకూడదని ఆర్వో ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్లు బకెట్‌లో పట్టి మొక్కలకు వాడుతున్నాను.

బోరు 1200 అడుగులు
దొరికాడు దొంగ.

రిటైర్డ్ లెక్కలు
అదే నా అనుమానం. ఆర్వో యంత్రం ఉప్పును మాయం చేయదు. మీరు తాగే నీటిలోంచి తీసి, పారబోసే నీటిలో చేరుస్తుంది. బోరు నీటిలో ఉన్న లవణాలన్నీ తక్కువ నీటిలో చిక్కబడి మీ బకెట్‌లోకి వస్తున్నాయి. సాల్వియా, ముఖ్యంగా ఈ స్ప్లెండెన్స్, ఉప్పు పేరుకున్న మట్టిని ఓర్చుకోలేదు. గన్నేరు, కాగితం పూలు గట్టివి కాబట్టి నవ్వుతూ ఉన్నాయి.

రెండు పూటలా కొంచెం కొంచెం పోయడం ఇంకో ఇబ్బంది. కుండీ అడుగు నుంచి నీరు బయటికి రాకపోతే, నీరు ఆవిరవుతుంది, ఉప్పు లోపలే మిగులుతుంది. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కట్టిందా?

మిద్దెమీది మందారం
కట్టింది. అది సున్నం అనుకుని గీకి పడేశాను. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపే టీడీఎస్ మీటరు మా ఫిల్టరు కుర్రాడి దగ్గర ఉంటే చూపించుకున్నాను. బోరు నీరు 780, ఫిల్టరు వదిలే నీరు 1,350.

పలమనేరు పూలబాబు
1,350 అంటే కొబ్బరి చెట్టుకు పోయండి, సాల్వియాకు వద్దు. అయినా మాస్టారి మాట నేను పూర్తిగా ఒప్పుకోను. మాకు పలమనేరులో ఇదే ఎర్ర రకం ఏప్రిల్‌లోనూ పూస్తుంది, మే నెలలో కొంచెం సోలినా జూన్ జల్లులకు లేస్తుంది. వేసవి పనికిరాని మొక్క అని కొట్టిపారేయకండి.

రిటైర్డ్ లెక్కలు
బాబూ, మీ ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బళ్లో చెప్పేవాళ్లం. మీకూ మాకూ 500 మీటర్లకు పైనే తేడా, అంటే మూడున్నర డిగ్రీలు. రాత్రి మీరు దుప్పటి కప్పుకునే వేళకు ఇక్కడ మిద్దె సిమెంటు ఇంకా వేడి కక్కుతూ ఉంటుంది. మీ పూలను తిరుపతి కుండీలకు సాక్ష్యం తేవద్దు.

పలమనేరు పూలబాబు
లెక్కల మాస్టారితో వాదించకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. సరే, తిరుపతికి మినహాయింపు.

అలిపిరి కోతి బాధితుడు
ఇక్కడ అందరూ ఎండ, నీరు అంటున్నారు. మా మిద్దె మీద కోతులు కుండీనే తలకిందులు చేసి పోతాయి. సాల్వియా ఆకును తినవు, వాసన చూసి మొహం తిప్పుకుంటాయి. ఆ కోపంతోనే కుండీ దొర్లిస్తాయేమో. దానికి మందు చెప్పండి.

చిత్తూరు చిన్నక్క
పక్క మిద్దె మీద అరటిపండ్లు పెట్టండి.

నర్సరీ గేటు
కోతులుంటే ప్లాస్టిక్ కుండీలు వద్దు. బరువైన సిమెంటు తొట్టెలు పెట్టండి, లేదా మూడు నాలుగు కుండీలను కలిపి తీగతో గోడకు బిగించండి. ఇనుప స్టాండు మీద ఒంటరిగా నిలబెట్టిన కుండీ మాత్రం వాటికి ఆట వస్తువే.

మిద్దెమీది మందారం
కోతుల సంగతి పక్కన పెట్టి నా మొక్క దగ్గరికి రండి. చిగురు పసుపుపచ్చగా ఎందుకు వస్తోంది? యూరియా వేయమని పక్కింటావిడ అంది.

పలమనేరు పూలబాబు
యూరియా ముట్టుకోకండి. ముదురు ఆకు పచ్చగా ఉండి లేత ఆకు పసుపుపచ్చగా వస్తే, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే, అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువ ఉన్న నీటితో మట్టి క్షారగుణానికి తిరిగి వేరుకు దొరకడం లేదు. మన వైపు వేరుశనగ వేసిన ప్రతి రైతుకూ ఇది తెలుసు. మందు కూడా అదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి. కలిపిన నీళ్లు నిలవ ఉంచవద్దు, తుప్పు రంగుకు తిరిగితే పని చేయదు. గోడ మీద పడితే మరక పోదు, మీ వారికి ఇంకో మాట దొరుకుతుంది.

నత్రజని తక్కువైతే ముందు కింది ముదురు ఆకు పసుపవుతుంది. రెండూ కలగాపులగం చేసుకుని యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, పూత రాదు. పైగా ఉప్పు మీద ఉప్పు.

బోరు 1200 అడుగులు
అరటి తొక్క నీళ్లు, ఉల్లి తొక్క నీళ్లు, పుల్లటి మజ్జిగ, ఎప్సమ్ సాల్ట్... వీడియోల్లో చెప్పేవన్నీ పోసేయండి. మిగిలితే అందులోనే రసం పెట్టుకోవచ్చు.

చిత్తూరు చిన్నక్క
ఎగతాళి ఎందుకు? నేను మజ్జిగ పోస్తాను, గులాబీలు బాగానే ఉన్నాయి.

రిటైర్డ్ లెక్కలు
మజ్జిగలో ఉప్పు వేయకముందు పోస్తే ఫర్వాలేదు చిన్నక్కగారూ. ఎప్సమ్ సాల్ట్ మాత్రం ఇక్కడ వద్దు. అది మెగ్నీషియం లోపానికి పనికొచ్చే లవణం. లవణం ఎక్కువై బాధపడుతున్న కుండీలో ఇంకో లవణం వేయడం దేనికి?

మందారంగారూ, మీరు వెంటనే చేయవలసింది మట్టిని కడగడం. మంచి నీరు, అంటే కార్పొరేషన్ కుళాయి నీరో, పట్టి ఉంచిన వాన నీరో, కుండీ పరిమాణానికి రెండింతలు నెమ్మదిగా పోసి అడుగు రంధ్రం నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. కింద పళ్లెం ఉంటే తీసేయండి. ఆ తర్వాత పై అంగుళం మట్టి ఆరితేనే నీళ్లు. పోసినప్పుడు అడుగు నుంచి కొంచెం బయటికి రావాలి.

అలిపిరి కోతి బాధితుడు
ఏసీ నుంచి కారే నీళ్లు వాడవచ్చా?

రిటైర్డ్ లెక్కలు
భేషుగ్గా. గాలిలోని తేమ చల్లబడి కారే నీరు అది, లవణాలు దాదాపు ఉండవు. ఏసీ నడిచేది కూడా సాల్వియాకు కష్టకాలంలోనే. మొక్కలకు మాత్రమే సుమా, తాగడానికి కాదు.

మిద్దెమీది మందారం
మా ఇంట్లో ఏసీ నీళ్లు ఇన్వర్టరు బ్యాటరీకి పోస్తారు. ఇప్పుడు బ్యాటరీకీ సాల్వియాకూ పంచాయితీ పెట్టాలి. ఫిల్టరు నీళ్లు పారబోయడానికి మాత్రం మనసు ఒప్పడం లేదు. తిరుపతిలో ఏప్రిల్ వస్తే ట్యాంకరు కోసం ఎదురు చూసే వీధి మాది.

నర్సరీ గేటు
పారబోయవద్దు. నేల తుడవండి, మరుగుదొడ్డిలో వాడండి. కొబ్బరి, గన్నేరు నేలలో ఉంటే వాటికి పోయండి. కుండీ మొక్కలకు మాత్రం వద్దు.

బోరు 1200 అడుగులు
బ్యాటరీ వాళ్లు తర్వాత చర్చలో వచ్చి బ్యాటరీకి ఏసీ నీళ్లు పోయకూడదంటారు. ముందే హెచ్చరిస్తున్నాను.

వృక్షశాస్త్రం మూడో ఏడు
ఎరుపు మీద పడి నీలం సాల్వియాను అందరూ మరిచారు. ఫారినేసియా జాతి, టెక్సాస్, మెక్సికో వైపుది. అక్కడి వేడికి అలవాటు పడ్డది కాబట్టి తిరుపతి ఎండకు స్ప్లెండెన్స్ కంటే చాలా మేలు. మా హాస్టలు ముందు మడిలో ఏప్రిల్‌లో కూడా పూస్తుంది. ఎరుపే కావాలంటే కాక్సీనియా జాతి ఉంది. పువ్వు చిన్నది, కంకి పలచన, కానీ వేడికి జంకదు, రాలిన గింజ నుంచి తనంతట తానే మొలుస్తుంది. అందులో "లేడీ ఇన్ రెడ్" అనే రకానికి 1992లో అమెరికాలో కొత్త రకాలను పరీక్షించే ఆల్ అమెరికా సెలెక్షన్స్ సంస్థ గుర్తింపు కూడా వచ్చింది.

నీలం సాల్వియా పువ్వుతో ఒక సరదా పని చేయండి. బాగా చెక్కిన పెన్సిల్ మొనను పువ్వు గొంతులోకి మెల్లగా తోయండి. పై పెదవిలో దాక్కున్న రెండు కేసరాలు కిందికి వంగి పెన్సిల్ మీద పుప్పొడి రాస్తాయి. పెన్సిల్ తీస్తే మళ్లీ పైకి లేస్తాయి. తేనెటీగ తల దూర్చినప్పుడు దాని వీపు మీద జరిగేది ఇదే. కేసరం కాడ మధ్యలో కీలులా ఉంటుంది, కింది కొసను నెడితే పై కొస వంగుతుంది. సాల్వియాల్లో ఈ తూనికకోల అమరికను జర్మనీకి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు స్ప్రెంగెల్ 1793లోనే వివరించాడు. మా ఆచార్యులు పటం గీసి చెబితే బుర్రకెక్కలేదు, పువ్వులో చూశాక మరిచిపోలేదు.

తేనెపిట్ట
ఎర్రవాటి సంగతి నేను చెబుతాను. అమెరికా ఖండాల్లో ఈ ఎర్ర గొట్టం పూలకు హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి. మనకు ఆ పక్షులు లేవు, వాటి పనికి మన తేనెపిట్టలు వచ్చి కూర్చుంటాయి. కూర్చుంటాయి అనే అన్నాను, గాలిలో నిలబడి తాగడం మనవాటికి అంత ఇష్టం ఉండదు. కాడ సన్నగా ఉంటే పక్కన ఒక పుల్ల గుచ్చి పెట్టండి, దాని మీద వాలి తాగుతాయి. మా చంద్రగిరి ఇంట్లో పొద్దున్నే ఊదారంగు తేనెపిట్ట మగది వచ్చి, మిగతావాటిని తరిమి, మడి మొత్తం తన పేరున రిజిస్టరు చేయించుకున్నట్టు తిరుగుతుంది. కొన్నిసార్లు పువ్వు మొదట్లో ముక్కుతో పొడిచి పుప్పొడి అంటకుండా తేనె దొంగిలిస్తాయి. నల్ల తుమ్మెదలు కూడా ఇదే దొంగతనం చేస్తాయి. గొట్టం అడుగున చీలిక కనిపిస్తే పురుగు అనుకుని మందు కొట్టకండి.

చిత్తూరు చిన్నక్క
మేము చిన్నప్పుడు ఆ ఎర్ర పువ్వు పీకి వెనక కొస చప్పరించేవాళ్లం. తియ్యగా ఉండేది.

నర్సరీ గేటు
నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క మీద మాత్రం పిల్లలను ఆ పని చేయనివ్వకండి. మందు కొట్టకుండా మా దగ్గర ఏదీ గేటు దాటదు.

కుప్పం కొండగాలి
మా దగ్గర ఇంకో రకం ఉంది. ముఖమల్ గుడ్డలా మెత్తటి ఊదా కంకులు, సన్నటి పొడవు ఆకులు. బెంగళూరు నుంచి కొమ్మ తెచ్చి నాటాను. మనిషి ఎత్తు పొద అయింది. ఇంటి వెనక ఉన్నది నవంబరులో విరగపూసింది. అదే తల్లి మొక్క నుంచి వచ్చిన కొమ్మ, వాకిట్లో వీధి దీపం కింద ఉన్నది, ఆకులే తప్ప ఒక్క కంకి వేయలేదు. మట్టి ఒకటే, ఎరువు ఒకటే. దిష్టి తగిలిందని మా అమ్మ ఎర్రగుడ్డ కట్టింది.

వృక్షశాస్త్రం మూడో ఏడు
అది ల్యూకాంతా, మెక్సికో పొద సాల్వియా. పగలు తగ్గి రాత్రి పొడవైతేనే మొగ్గ వేసే జాతి. వీధి దీపం రాత్రంతా మీద పడుతుంటే దానికి రాత్రి పొడవు తెలియడం లేదేమో. దీపం మార్చమని పంచాయతీని అడగలేరు కాబట్టి కుండీనే మార్చండి. నేలలో ఉంటే సెప్టెంబరు నుంచి దీపం వైపు గోనెపట్టా అడ్డం కట్టి చూడండి.

కుప్పం కొండగాలి
ఎర్రగుడ్డ ఉన్నచోటే గోనెపట్టా కడతాను. అమ్మకు కారణం చెప్పను.

చిత్తూరు చిన్నక్క
నాదొక సందేహం. చియా గింజలు కూడా సాల్వియానే అని ఎవరో అన్నారు. అయితే ఈ పూల మొక్క గింజలను నానబెట్టి షర్బత్‌లో వేసుకోవచ్చా? సబ్జా గింజలూ ఇవీ ఒకటేనా?

రిటైర్డ్ లెక్కలు
చియా సాల్వియానే, హిస్పానికా జాతి. సబ్జా తులసి ప్రజాతికి చెందిన మొక్క గింజ. ఒకే కుటుంబం, వేరు వేరు ఇళ్లు. నానబెడితే చుట్టూ జిగురు కట్టడం రెండింటికీ ఉంది. అయినా పూల సాల్వియా గింజలు షర్బత్‌లోకి వద్దు. విత్తనాల పొట్లంలోవి మందు పట్టించినవి అయి ఉండవచ్చు. అలాగే ఈ ఎర్ర సాల్వియా ఆకుతో టీ కాచుకోవద్దు. విదేశీ వంటల్లో సేజ్ అనే ఆకు వేరు, అఫిసినాలిస్ జాతి, మధ్యధరా సముద్ర తీరాల పొడి కొండలది. తిరుపతిలో దాన్ని వానాకాలం దాటించడమే గొప్ప.

పనిలో పని, రోజ్‌మేరీని కూడా 2017లో శాస్త్రవేత్తలు సాల్వియాలోకే చేర్చారు. ఇప్పుడు దాని పేరు సాల్వియా రోస్మరినస్.

అలిపిరి కోతి బాధితుడు
జుట్టు ఒత్తుగా వస్తుందని మా ఇంట్లో సీసాలకు సీసాలు చల్లుకుంటున్నారే, ఆ రోజ్‌మేరీనా?

బోరు 1200 అడుగులు
వచ్చిందా మరి?

అలిపిరి కోతి బాధితుడు
నాకు రాలేదు. కోతికి చల్లి చూడాలి.

చిత్తూరు చిన్నక్క
మా అమ్మాయికి మాత్రం జుట్టు రాలడం తగ్గింది. నమ్మకం లేనివాళ్లు చల్లుకుంటే ఏం లాభం?

నిర్వాహకుడు
జుట్టు గొడవను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ సాల్వియా గురించి మాత్రమే.

బోరు 1200 అడుగులు
మాస్టారి లెక్కలో అదీ సాల్వియానే కదా స్వామీ.

మిద్దెమీది మందారం
నాకు ముందు ఒకటి తేల్చండి. ఈ మొక్కలను కత్తిరించి కాపాడాలా, పీకేయాలా?

నర్సరీ గేటు
పీకేయండి. స్ప్లెండెన్స్‌ను ప్రపంచమంతా ఒక కాలపు మొక్కగానే వేస్తారు. ఆరు నెలలు ఎండలో దాన్ని మోసి, మళ్లీ చలికాలానికి తెచ్చినా కాడ కర్రలా ముదిరి, మొదలంతా బోడిగా ఉంటుంది. అక్టోబరులో కొత్త నారు పెడితే రెండు నెలల్లో దాన్ని దాటిపోతుంది. ఇది నా సరుకు అమ్ముకోవడానికి చెప్పడం లేదు, విత్తనం వేసుకోండి, నా దగ్గర కొనకండి.

రిటైర్డ్ లెక్కలు
నేను ఒప్పుకోను. ఉప్పు దెబ్బ వల్ల పాడైన మొక్క, వయసు తీరి కాదు. మూడో వంతు కత్తిరించి, పొద్దుటి ఎండ పడి పదకొండు తర్వాత నీడ వచ్చే తూర్పు వైపు పెట్టండి. నీడ వల కింద అయితే ఇంకా మంచిది. కత్తిరించిన కొమ్మల్లో పూత లేని లేత కొసలు నాలుగంగుళాలు తీసుకుని తడి కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) గుచ్చండి, చాలావరకు వేరు పడతాయి. ఏప్రిల్ చివరికి కూడా కోలుకోకపోతే అప్పుడు కంపోస్టు గుంట ఎలాగూ ఉంది.

పలమనేరు పూలబాబు
నా ఓటు నర్సరీ గేటుకు. కొమ్మలు గుచ్చడం మాత్రం చేయండి, పోయేదేమీ లేదు.

విత్తనం వేసే పద్ధతి ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. తిరుపతికి సెప్టెంబరు చివర, అక్టోబరు మొదలు సరైన సమయం. నారు ట్రేలో తడిపిన కోకోపీట్ నింపి, గింజలు పైన చల్లి వేలితో అదిమితే చాలు. లోతుగా పూడ్చవద్దు, స్ప్లెండెన్స్ గింజకు మొలకెత్తడానికి వెలుతురు కావాలి. పైన పలచటి ప్లాస్టిక్ కాగితం కప్పి వెలుతురున్న నీడలో ఉంచండి. 10 నుంచి 15 రోజుల్లో మొలుస్తుంది. మొలిచిన వెంటనే కాగితం తీసేయాలి, లేకపోతే మొదలు దగ్గర నారు కుళ్లి ఒక్క రాత్రిలో ట్రే అంతా పడిపోతుంది. మూడు నాలుగు జతల ఆకులు వచ్చాక తల తుంచండి. తల తుంచడానికి అందరికీ ప్రాణం ఒప్పదు, తుంచకపోతే ఒకే కంకి, తుంచితే పొద. ఎర్రమన్ను, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపిన 8 లేదా 10 అంగుళాల కుండీకి ఒక మొక్క. గుప్పెడు వేపపిండి. అంతే.

నవంబరు, డిసెంబరు వాయుగుండాల వానలకు మాత్రం నారును పందిరి కిందికి చేర్చాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏమయ్యాయో మీకే తెలుసు. కుండీలో నీరు నిలిచినా వేరు కుళ్లి చస్తుంది, సాల్వియాకు ఎండ కంటే అదే పెద్ద శత్రువు.

తేనెపిట్ట
సొంత గింజ కట్టుకోవచ్చా?

పలమనేరు పూలబాబు
కట్టుకోవచ్చు. ఒక్కో రక్షక పత్రం గిన్నెలో నాలుగు గింజల వరకు ఉంటాయి. గిన్నె ఎండి గోధుమ రంగుకు రాగానే తీసుకోవాలి, ఒక్క రోజు ఆలస్యమైతే నేల పాలు. కంకికి కాగితం సంచి కట్టేస్తే బెంగ లేదు. కాక్సీనియా గింజ తల్లిలాగే వస్తుంది, దగ్గర్లో వేరే రంగుది లేకపోతే. పొట్లం మీద హైబ్రిడ్ అని ఉన్నదాని గింజ దాస్తే ఎత్తు, రంగు ఇష్టమొచ్చినట్టు వస్తాయి.

మిద్దెమీది మందారం
మట్టి కడిగాను. అన్నభేది వేరుశనగ మందుల కొట్లోనే దొరికింది. సగం మొక్కలు మాస్టారు చెప్పినట్టు కత్తిరించి తూర్పు గోడ దగ్గర పెట్టాను, సగం నర్సరీ గేటుగారు చెప్పినట్టు పీకేశాను. ఎవరూ అలగకండి. ఇంకొకటి, నీలం రకం రెండు కొన్నాను. దాని కాడ మీద, మొగ్గల మీద తెల్లటి పిండి ఉంది. పిండినల్లి ఇంట్లోకి తెచ్చుకున్నానా?

వృక్షశాస్త్రం మూడో ఏడు
ఫారినేసియాకు ఆ పిండి పుట్టుకతోనే ఉంటుంది, సన్నటి నూగు అది. వేలితో రుద్దితే జిగురు, కదిలే పురుగు, దూది ఉండలు కనిపిస్తే అప్పుడు పిండినల్లి. లేకపోతే మందు జోలికి వెళ్లకండి.

నర్సరీ గేటు
వేసవిలో భయపడవలసింది ఎర్రనల్లికి. ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, అడుగున బూజులాంటి గూడు కనిపిస్తుంది. దుమ్ము, పొడి వేడి ఉంటే వారంలో మొక్కంతా పాకుతుంది. రోజు విడిచి రోజు పొద్దున్నే ఆకుల అడుగుకు నీళ్లు గట్టిగా కొట్టండి, అందులో సగం పోతాయి. మిగిలినవాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. పూల మీద పడకుండా, తేనెపిట్టగారి పిట్టలు వచ్చే వేళ కాకుండా. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి.

మిద్దెమీది మందారం
ఆకుల అడుగుకు కొట్టే నీళ్లు బోరువి వాడవచ్చా, లేక దానికీ ఏసీ నీళ్లేనా?

నర్సరీ గేటు
బోరువి చాలు. ఎండ ఎక్కకముందే కొట్టండి, లేకపోతే ఆకు మీద తెల్ల మచ్చలు మిగులుతాయి.